మాటలేని గానము: ద్వారం వేంకటస్వామినాయుడుగారి జీవితము

మహాజనులు సమావేశమైన వేళ మహనీయుల చరిత్రమును స్మరించుట మన పెద్దలు నెలకొల్పిన సదాచారము. సభయందు తీర్మానములు జరుగును, చందాలు పోగగును, ఉపన్యాసములు వినబడును. సభ ముగిసి ఎవరి యూళ్లకు వారు చేరిన పిమ్మట ఇంటియందు నిలుచునది ఈ సంచిక యొక్కటియే. కావున దీనియందు మన పిల్లలు చదివి గ్రహింపదగిన జీవితమొకటి యుండుట యుక్తమని తలంచి, మేము వాయులీన విద్వన్మణియగు ద్వారం వేంకటస్వామినాయుడుగారి చరిత్రమును చదువరులకు నివేదించుచున్నాము. వారి పేరు వినని తెలుగువారు అరుదు. వారి కచేరిని ప్రత్యక్షముగా విన్నవారు నేడు మిక్కిలి స్వల్పసంఖ్యాకులు. పేరు నిలిచి, ఆ పేరునకు కారణమైన నాదము మరుగుపడుట వాద్యవిద్వాంసుల కందరకును కలుగు దురవస్థ. కవి పోయినను పద్యముండును. వాద్యగాని చేతివ్రేళ్లు చల్లబడిన వెనుక మిగులునవి కొన్ని గ్రామఫోను పలకలును, విన్నవారి జ్ఞాపకములును మాత్రమే.

ఈ చరిత్రమును వ్రాయబూనినపుడు మాకొక ప్రశ్న యెదురయినది. గాయకుడు పాడునపుడు సాహిత్యము కలదు. రాముని పేరు చెవినబడగనే భక్తుని హృదయము కరగుట సహజము. మాట యొక్కటియు లేని వాద్యము మనుజుని ఏల కదలించును? మన యిండ్ల పెండ్లిండ్లనే తలంచుకొందము. అప్పగింతల వేళ సన్నాయి విద్వాంసుడు ఒక రాగమును మెల్లగా ఎత్తుకొనును. అతడు ఏ మాటయు పలుకడు. అయినను వధువు తల్లియే కాదు, పందిటిలో దూరముగా నున్న చుట్టములును, పొరుగింటి యాడువారును కన్నీరు తుడుచుకొందురు. అదే సన్నాయి, అదే చేయి, కొన్ని గడియలకు ముందు మాంగల్యధారణ సమయమున గట్టిమేళముతో అందరి మొగములను వికసింపజేసినది. ఆ కన్నీరు నాదమునందున్నదా, వినువాని మనసునందున్నదా? నాయుడుగారి జీవితమంతయు ఈ ప్రశ్న చుట్టును తిరిగినదని చెప్పిన అతిశయోక్తి కాదు.

వేంకటస్వామినాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళి పండుగనాడు, బెంగుళూరునందు జన్మించిరి. తండ్రి వేంకటరాయుడుగారు సైన్యమున ఉద్యోగి. ఉద్యోగమునుండి విరమించిన పిమ్మట ఆయన విశాఖపట్టణమున స్థిరపడెను. అందుచేత బాలుని పెంపకమంతయు విశాఖపట్టణముననే జరిగెను. తండ్రికి ఫిడేలునందు ప్రవేశమును, భజనలయందు మక్కువయు కలవు. అన్నగారగు వేంకటకృష్ణయ్యగారు ఫిడేలు నేర్చినవారు. ఇట్లు సంగీతము ఆ యింట పండుగనాటి వింతగా గాక, దీపము వెలిగించుట వంటి నిత్యకృత్యముగా నుండెను. సైనికుని యింట పుట్టిన బాలుడు కత్తి పట్టక కమాను పట్టుటకు ఈ యింటి వాతావరణమే మొదటి హేతువు.

రెండవ హేతువు దుఃఖకరమైనది. బాలునకు చిన్ననాటనే చూపు మందగించెను. నల్లపలకపై వ్రాసిన యక్షరములు కానరాని పిల్లవానికి బడిచదువు ఎట్లు సాగును? పాఠశాల విద్య మధ్యనే ఆగిపోయెను. ఆ కాలమున ఇట్టి పిల్లవానిని గూర్చి లోకము ఏమనుకొనునో మనకు తెలియును. ఇంటికి భారమని కొందరు, పూర్వజన్మ ఫలమని కొందరు జాలిపడి ఊరకుందురు. ద్వారంవారి యింట అట్లు జరుగలేదు. అన్నగారు తమ్ముని చేతికి ఫిడేలునిచ్చి తానే గురువై సాధన చేయించిరి. కన్ను చేయలేని పనిని చెవి చేయునని ఆ కుటుంబము నమ్మెను. బాలుడు ఆ నమ్మకమును వమ్ము చేయక గంటల తరబడి సాధన చేయుచు, సంగీతము వినబడిన చోటనెల్ల విని, విన్నదానిని మనసున నిలుపుకొనుచు పెరిగెను. పుస్తకము చూడలేని వానికి జ్ఞాపకమే గ్రంథాలయము గదా!

ఇచ్చట ఈ వాద్యముయొక్క పూర్వచరిత్రమును కొంత చెప్పవలసియున్నది. ఫిడేలు మన దేశమున పుట్టినది కాదు. ఐరోపా ఖండమునుండి ఓడలపై వచ్చినది. మదరాసు కోటలోని ఆంగ్లేయుల బ్యాండువారు వాయించు పాటలను విన్న దక్షిణాదివారిలో ముత్తుస్వామి దీక్షితులవారి కుటుంబము ముఖ్యమైనది. మణలి ప్రభువుల ఆదరమున నున్న ఆ కుటుంబమున, ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడగు బాలుస్వామి దీక్షితులు ఒక ఐరోపావాని వద్ద ఆ వాద్యమును నేర్చి, దానిని మన రాగములకు లొంగదీసెను. పిదప తంజావూరు సోదరులలో నొకడగు వడివేలు దానియందు ప్రసిద్ధుడై, 1834లో తిరువాన్కూరు ప్రభువగు స్వాతితిరునాళ్ మహారాజువలన దంతపు ఫిడేలును బహుమానముగా పొందెను. వందయేండ్లు గడచునప్పటికి ఫిడేలు లేని పాటకచేరి దక్షిణదేశమున లేదు. దానికి వాయులీనమను సంస్కృతనామమును మనవారు కల్పించిరి. పరభాషాపదమునకు చెవికి దగ్గరగా నుండు పేరే యైనను, గాలిలో లీనమగునదియను అర్థమును అందు ఇమిడియున్నది.

మన ప్రశ్నకు సంబంధించిన విశేషమొకటి ఆ దీక్షితుల చరిత్రమునందే కలదు. ముత్తుస్వామి దీక్షితులవారు ఆంగ్లేయుల బ్యాండు పాటల వరుసలకు సంస్కృతమున దేవతాస్తుతులను రచించిరి. అట్టివి సుమారు 40 కలవు. వానిలో నొకదాని వరుస ఇంగ్లండు రాజునకు క్షేమము కోరు రాజగీతపు వరుసయే. ఆంగ్లేయుడు ఆ నాదమును వినినంతనే లేచి నిలువబడి తన రాజును తలంచును. మన విద్యార్థి అదే నాదమున దేవిని తలంచి చేతులు మోడ్చును. స్వరములు మారలేదు, అర్థము మారినది. దీనినిబట్టి నాదమునకు అర్థము నిఘంటువునందు వలె స్థిరముగా నుండదని తేలుచున్నది. అట్లని నాదము అర్థశూన్యమనుట పొరబాటు. ఆ వరుసయందు స్వభావముననే నెమ్మదియు, గంభీరతయు నున్నవి. రాజునకైనను దేవికైనను వందనము చేయుటకు అది తగినది, జోలపాటకు తగదు. నాదము భావమునకు త్రోవ చూపును. ఆ త్రోవను ఏ గుడికి చేరవలయునో వినువాని సంస్కారము నిర్ణయించును.

వీణకును ఫిడేలుకును గల భేదమును గూడ గమనింపవలయును. వీణ తీగను మీటినంతనే నాదము పుట్టి క్రమముగా క్షీణించును. ఫిడేలు తీగపై గుర్రపు వెండ్రుకల కమాను నడచునంతకాలము నాదము నిలుచును. వాదకుని యిచ్ఛ ననుసరించి పెరుగును, తగ్గును. మనుష్యుని ఊపిరికిని కంఠమునకును ఇంత దగ్గరగా నుండు తంత్రీవాద్యము మరియొకటి మన కచేరీలలో లేదు. వీణకు వలె దీనికి మెట్లు లేవు. స్వరస్థానమును కన్ను చూపదు, వ్రేలు తాకి తెలిసికొనదు, చెవియే నిర్ణయింపవలయును. వ్రేలు వెండ్రుకవాసి తప్పినను అపశ్రుతి. నాలుగు తీగలను షడ్జ పంచమ షడ్జ పంచమములకు శ్రుతిచేసి, నేలపై కూర్చుండి, వాద్యముయొక్క కొనను పాదముపై నానించి వాయించుట మనవారి పద్ధతి. ఎడమచేయి నిరాటంకముగా జారుటచేత మన గమకములన్నియు ఈ వాద్యమున పలుకును. చూపు మందగించిన బాలునకు చెవి తప్ప వేరు ఆధారము కోరని వాద్యము లభించుట దైవఘటనయని ఆస్తికులందురు. మేము దానిని కుటుంబముయొక్క వివేకమనియు తలంతుము.

1919వ సంవత్సరమున విజయనగరమున పూసపాటి విజయరామగజపతి మహారాజావారు సంగీతకళాశాలను స్థాపించిరి. ఆస్థానమునకు చెందిన యొకరి అంధపుత్రునకు సంగీతము నేర్పింపవలయునను కోరికయే ఆ సంకల్పమునకు బీజమని ప్రతీతి. హరికథాపితామహులగు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులైరి. వేంకటస్వామినాయుడుగారు తమ 26వ యేట ఆ కళాశాలకు విద్యార్థిగా చేరుటకై వెళ్లిరి. వారి వాదనమును పరీక్షించినవారు ఈతనికి నేర్పవలసినది లేదనియు, ఈతనిచే నేర్పింపవలసినది కలదనియు నిశ్చయించి, ఫిడేలు ఆచార్యపదవినే యొసంగిరి. శిష్యుడుగా గడప తొక్కినవాడు గురువై పీఠమెక్కిన ఈ కథను విజయనగరమున తరతరములుగా చెప్పుకొనుచున్నారు. బడి విడిచిన బాలుడు ఆచార్యుడగుటకు డిగ్రీలు తోడ్పడలేదు. అన్నగారి శిక్షణయు, తన సాధనయు తోడ్పడినవి. ఆ పదవి నిచ్చుటకు సాహసించిన గుణగ్రాహులును ప్రశంసార్హులే.

నారాయణదాసుగారి ఛాయయందు 17 సంవత్సరములు పనిచేసిన పిదప, 1936లో నాయుడుగారు ఆ కళాశాలకు అధ్యక్షులైరి. ఇరువురి స్వభావములు వేరు. దాసుగారు కంఠమును, కాలిగజ్జెలను, కవిత్వమును, పాండిత్యమును ఏకముచేసి సభను ఉఱ్ఱూతలూగించు మహాప్రతిభాశాలి. మాటయే వారి ఆయుధము. నాయుడుగారి కళయందు మాటకు చోటు లేదు. ఒకే గడప లోపల తెలుగుమాటయొక్క పరాకాష్ఠయు, మాటలేని నాదముయొక్క పరాకాష్ఠయు వసించుట విజయనగరముయొక్క భాగ్యము. ఆ కళాశాలలో చదివినవారిలో పిమ్మట చలనచిత్ర సంగీతమున ఆంధ్రుల హృదయములను జయించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారును (1922-1974), శాస్త్రీయసంగీత విద్వాంసులగు నేదునూరి కృష్ణమూర్తిగారును (1927-2014) కలరు. ద్వారంవారి కుటుంబమున కుమార్తె మంగతాయారుగారు మొదలుగా పలువురు ఆ వాయులీన బాణీని నిలిపిరి.

ఫిడేలు మన కచేరీలలో ప్రవేశించి నూరేండ్లు గడచినను అది చిరకాలము పక్కవాద్యముగానే యుండెను. గాయకుడు ముందు నడచును; ఫిడేలుగాడు నీడవలె వెంబడించును. గాయకుడు రాగమాలపించి యాగినపుడు, స్వరకల్పన వంతు వచ్చినపుడు కొంత తన ప్రజ్ఞను చూపవచ్చును. అదియు గాయకుని మించకుండవలయును. సంభావనయందును ప్రకటనపత్రమునందును అతనిది రెండవ స్థానమే. పక్కవాద్యము వాయించుట తక్కువ విద్య కాదు. అన్యుని మనోధర్మమును క్షణమాత్రమున గ్రహించి అనుసరించుటకు మిక్కిలి నైపుణ్యము కావలయును. నాయుడుగారును పెక్కేండ్లు ఆ పని చేసినవారే. అయినను ఒక వాద్యమునకు తనంతట తాను సభను రెండు మూడు గంటలు నిలుపగల శక్తి యుండియు, దానికి అవకాశము లేకుండుట న్యాయమా? 1938లో నాయుడుగారు వెల్లూరునందు తమ మొదటి సొంతకచేరి చేసిరి. అప్పటికి వారికి సుమారు 45 సంవత్సరముల వయస్సు. గాయకుడు లేడు, పాట లేదు, ఫిడేలే పాడవలసి వచ్చెను. సభవారు విని తృప్తులైరి. నాటినుండి వారి సొంతకచేరీలకు దక్షిణదేశమంతటను ఆహ్వానములు రాసాగెను.

ఆ 1938వ సంవత్సరముననే మదరాసున ఆలిండియా రేడియో కేంద్రము ప్రారంభమాయెను. 1948లో విజయవాడ కేంద్రము వచ్చెను. గ్రామఫోను పలకలు అంతకుముందే పట్టణములలో వ్యాపించియుండెను. ఈ యంత్రములు వాద్యసంగీతమునకు చేసిన మేలు సామాన్యమైనది కాదు. సభలో కూర్చున్నవాడు విద్వాంసుని మొగము చూచును, చేతి విసురు చూచును, ప్రక్కవాని తలయూపును చూచి తానును తలయూపును. రేడియో ముందర కూర్చున్నవానికి ఇవి యేవియు లేవు. నాదమొక్కటియే కలదు. చూపు తక్కువైన విద్వాంసుడు లోకమును ఎట్లు గ్రహించెనో, అట్లే శ్రోతయు ఆ విద్వాంసుని గ్రహించెను. చెవినుండి చెవికి జరిగిన ఈ సంభాషణయందు కన్నునకు పని లేకపోయెను.

నాయుడుగారిని, మైసూరు చౌడయ్యగారిని, కుంభకోణం రాజమాణిక్యం పిళ్ళైగారిని వాయులీన త్రయమని సంగీతలోకము పేర్కొనుచున్నది. చౌడయ్యగారు పెద్దసభలలో వెనుక కూర్చున్నవారికిని వినబడవలయునని ఫిడేలునకు ఏడు తీగలు కట్టించిరి. అది వారి మార్గము. దానివలన ఘనమైన నాదము పుట్టినది. నాయుడుగారు నాలుగు తీగలతోనే తృప్తిచెంది, నాదముయొక్క మార్దవమును, శ్రుతిశుద్ధిని సాధించిరి. కమానును తీగపై నొత్తకుండ నడపుట, స్వరమునుండి స్వరమునకు కీచుధ్వని లేక జారుట, సన్ననైన నాదమునందును ప్రాణము నిలుపుట వారి విశేషములు. పాశ్చాత్యుల వాయులీన వాదనమును వారు శ్రద్ధతో విని, కమాను నడపుటయందలి నాజూకును గ్రహించిరి. ఉపాయమును పైనుండి తెచ్చిరే గాని, రాగస్వరూపమున రవంతయైనను కల్తీ చేయలేదు. పరులవద్ద నేర్చుటకు సిగ్గుపడక, తనది విడుచుటకు ఒప్పుకొనకయుండుట కళయందే గాక సంసారమునందును అనుసరింపదగిన నీతి.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. నాయుడుగారి సొంతకచేరి వినుటకు వచ్చినవారిని మూడు తెగలుగా విభజింపవచ్చును. మొదటి తెగవారికి త్యాగరాజస్వామి కీర్తనలు కంఠస్థములు. ఫిడేలుపై పల్లవి ఎత్తుకొనినంతనే వారి మనసునందు సాహిత్యము తనంతట మ్రోగును. విద్వాంసుడు మాట పలుకకున్నను వారు మాట విందురు. మాట ఎచ్చట విరుగునో, ఎచ్చట దీర్ఘమగునో ఎరిగి కమాను నడపువాడు వారికి పాడుచున్నట్లే తోచును. రెండవ తెగవారు కీర్తనము నెరుగకున్నను రాగమునెరుగుదురు. నీలాంబరి విన్న వారికి ఊయెల జ్ఞప్తికి వచ్చును. బిలహరి విన్న ఉదయము తోచును. అఠాణా విన్న వీరుడు కనబడును. ముఖారి విన్న కంట తడిపెట్టుదురు. మూడవ తెగవారు రెంటిని ఎరుగని సామాన్యులు. వారికి పేర్లు తెలియవు, నియమములు తెలియవు. అయినను ఒక గమకమువద్ద వారి ఊపిరి నిలుచును. చచ్చిన బంధువు జ్ఞప్తికి రావచ్చును, చిన్ననాటి యూరు కనబడవచ్చును. ఎందుకో వారు చెప్పలేరు.

ఈ మూడు తెగలలో ఎవరు సరిగా విన్నవారు? మొదటివారే నిజమైన రసికులని పండితులు వాదింపవచ్చును. భరతముని నాట్యశాస్త్రమున మధ్యమ పంచమములను హాస్య శృంగారములకును, షడ్జ ఋషభములను వీర రౌద్రాద్భుతములకును, గాంధార నిషాదములను కరుణమునకును, ధైవతమును బీభత్స భయానకములకును నియమించెను. అనగా మాట లేకయే స్వరము రసమును పుట్టించునని ప్రాచీనులును తలంచిరి. కాని అది నాట్యరంగమున, సందర్భముతో కూడి వినబడు స్వరమును గూర్చిన మాట. నేటి కచేరియందు రసము ఒక్క స్వరమున లేదు. ఆ స్వరమును ఎంతసేపు నిలిపిరి, ఎట్లు ఊపిరి, దేని వెనుక తెచ్చిరి, ఎచ్చట మౌనమును విడిచిరి అను వానియందున్నది. ఒకే శంకరాభరణమున ఉత్సాహమును, శాంతమును, దైన్యమును గూడ చూపిన విద్వాంసులు కలరు. రాగము ఇల్లు వంటిది. ఆ యింటియందు పెండ్లియు జరుగును, శోకమును కలుగును.

అలవాటు ఎంత బలమైనదో మరియొక విధమునను తెలియుచున్నది. మన శంకరాభరణపు స్వరములు పాశ్చాత్యుల ముఖ్యస్వరమేళమునకు సరిపోవును. దానిని వారు సంతోషమునకు గురుతుగా భావింతురు. మాయామాళవగౌళ మన బాలురకు మొదటి పాఠము. సరళీస్వరములు దానియందే చెప్పింతుము. మన చెవికి అది తెల్లవారుజామువలె పవిత్రమైనది. ఆ స్వరక్రమమే పాశ్చాత్యుని చెవికి వింతగా, దూరదేశపు గాలిగా తోచును. అర్థములో కొంత భాగము మనతోడనే పుట్టిపెరిగినదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

అట్లయిన, మన భాషయు, మన రాగమును ఎరుగని శ్రోతకు నాయుడుగారి ఫిడేలు ఏమి చెప్పును? ఈ పరీక్షయు జరిగినది. 1952లో ప్రపంచప్రఖ్యాత వాయులీన విద్వాంసుడగు యెహూది మెనూహిన్ గారు, ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూగారి ఆహ్వానముపై భారతదేశమునకు వచ్చి, క్షామనివారణ నిధికై కచేరీలు చేసిరి. మదరాసున ప్రధాన న్యాయమూర్తి పి. వి. రాజమన్నారుగారి గృహమున ఆయన నాయుడుగారి వాదనమును విని ముగ్ధులై ప్రశంసించిరి. మెనూహిన్ గారికి తెలుగు రాదు; త్యాగరాజస్వామి చరిత్రము తెలియదు; కీర్తనలోని దైవము పరిచితుడు కాడు. ఆయన వినగలిగినది కమానుయొక్క నడకయు, శ్రుతియొక్క శుద్ధియు, రాగముయొక్క మలుపులును మాత్రమే. తాను బాల్యమునుండి భుజముపై ధరించిన వాద్యమే, నేలపై కూర్చున్న వృద్ధుని పాదముపై నిలిచి వేరొక లోకమును పలుకుట ఆయన విన్నారు. ఐరోపా మనకిచ్చిన వాద్యమునకు దక్షిణదేశము నూటయేబది యేండ్లలో ఏమి నేర్పెనో ఆనాడు తెలియవచ్చినది.

కావున మా అభిప్రాయమిది. సాహిత్యమెరిగినవాడు నాదమున భక్తిని పొందును; రాగమెరిగినవాడు రసమును పొందును; ఏమియు ఎరుగనివాడు తన హృదయమునే పొందును. ఎవని లాభము వానిది. ఒకని లాభము మరియొకనిని తక్కువ చేయదు. మాట ఒక యర్థమును చూపి తక్కిన యర్థములకు తలుపు మూయును. మాటలేని నాదము తలుపులన్నియు తెరచియుంచును. అందుచేతనే అప్పగింతల సన్నాయి తల్లికి బిడ్డ ఎడబాటును, తండ్రికి తన ఋణము తీరుటను, వధువునకు భయమును ఆశను ఏకకాలమున చెప్పగలుగుచున్నది. అయితే తలుపు తెరచుటకు బలమైన చేయి కావలయును. శ్రుతి తప్పిన నాదము ఎవని హృదయమునకును చేరదు. శ్రోతయొక్క స్వేచ్ఛ వాదకుని నియమముపై ఆధారపడియున్నది. నాయుడుగారు జీవితాంతము సాధన విడువకుండుటకు కారణమిదియేయని మేము తలంతుము.

సన్మానములు వారిని వెదకికొని వచ్చెను. 1927లో మదరాసున జరిగిన అఖిలభారత సంగీతమహాసభ ఫలితముగా 1928లో వెలసిన సంగీత విద్వత్సభ 1941లో వారిని తన వార్షికసభకు అధ్యక్షులుగా వరించెను. సంగీతకళానిధి బిరుదము వారికి లభించెను. ఆంధ్రవిశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1957లో భారతప్రభుత్వమువారి పద్మశ్రీ బిరుదమును పొందిరి. ఇన్ని బిరుదములున్నను జనులు వారిని ఫిడేలు నాయుడుగారనియే పిలిచిరి. వాద్యమునకును మనుజునకును భేదము తోపనంతగా రెండును ఏకమగుట యే బిరుదమునకు తక్కువ? 1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన వారు నాదైక్యమందిరి. 1993లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖ వారి స్మారకముగా తపాలాబిళ్లను వెలువరించెను. విశాఖపట్టణమున వారి విగ్రహము నెలకొల్పబడినది.

మహాశయులారా! ఈ చరిత్రమువలన మనము గ్రహింపవలసిన విషయములు రెండు కలవు. మొదటిది తల్లిదండ్రులకు, అన్నలకు సంబంధించినది. ఒక పిల్లవానికి కన్ను కనబడకపోవచ్చును. మరియొకనికి లెక్కలు రాకపోవచ్చును. వేరొకనికి మాట తడబడవచ్చును. బడి వానిని విడిచినంతమాత్రమున ఇల్లు వానిని విడువరాదు. వేంకటకృష్ణయ్యగారు తమ్ముని చూచి జాలిపడి ఊరకుండినచో విశాఖపట్టణమున ఒక నిర్భాగ్యుడు మిగిలియుండును. ఆంధ్రదేశమునకు వాయులీన విద్వాంసుడు లభించియుండడు. వాని చేతికి తగిన పనిముట్టేదో కనిపెట్టి, దానిని చేతబెట్టి, ప్రక్కన కూర్చుండి నేర్పునట్టి యొకరు ప్రతి యింట నుండవలయును.

రెండవది వదాన్యులకు సంబంధించినది. విజయనగర ప్రభువులు కళాశాల స్థాపింపకున్నచో ఆ ప్రజ్ఞకు నిలుకడ ఎచ్చట లభించెడిది? రాజుల కాలము గడచినది. ఆ భారము నేడు సంఘములపైనను, సంపన్నగృహస్థులపైనను పడినది. మన యుత్సవములకై వెచ్చించు ధనమున కొంత భాగము పేదవిద్యార్థులకు ఫిడేలు, వీణ, మృదంగము, సన్నాయి కొనియిచ్చుటకును, గురువులకు జీతమొసంగుటకును కేటాయించిన ఎంత బాగుండును! పెండ్లిపందిటిలో యంత్రముచే సన్నాయి వినిపించి తృప్తిచెందక, విద్వాంసుని పిలిపించి, పీటవేసి, తాంబూలమిచ్చి, వాని వాదనమును కొంతసేపైన మాటలు మాని వినుడు. వినువాడు లేని నాదము వానలేని మొలకవంటిది. ద్వారం వేంకటస్వామినాయుడుగారి స్మృతికి మన మొనర్పగల పూజ ఇదియే.